బొర్రా నుంచి భీమిలి దాకా: గోస్తనీ విశేషాలు

తెలుగునాట నదులు ఏవని అడిగితే ఎవరైనా గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర అంటారు. ఉత్తరాంధ్ర వాళ్లను అడిగి చూడండి, జాబితా మారిపోతుంది. తాండవ, వరాహ, శారద, గోస్తనీ, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా అని వరసపెట్టి చెబుతారు. తూర్పు కనుమల్లో పుట్టి, మరే పెద్ద నదిలోనూ కలవకుండా, తమ దారిన తాము బంగాళాఖాతానికి చేరే నదులివి. వీటిలో గోస్తనీ పొడవు సుమారు 120 కిలోమీటర్లే. 1,465 కిలోమీటర్లు పారే గోదావరిలో పన్నెండో వంతు కూడా ఉండదు. అయినా ఈ నది వెంట నడిస్తే సుప్రీంకోర్టు తీర్పు ఒకటి, పాలెగాళ్ల కాలం నాటి యుద్ధం ఒకటి, డచ్చివారి సమాధులు, ప్రపంచ మార్కెట్లో ఊరి పేరు మోసిన ఒక నార, 20 వేల ఏళ్ల కిందటి సముద్రం ఆనవాళ్లు వరసగా ఎదురవుతాయి.

✦

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. పుట్టిన చోటికి దగ్గరలోనే బొర్రా గుహల గుండా పారుతుంది. అక్కడివాళ్లు చెప్పే కథ ఇది: కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి నేలలోని కంతలో జారి లోపలికి పడిపోయింది. వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి ఆవుతో పాటు శివలింగంలాంటి రాయి కనిపించింది. ఆ గుహలోనే ఆవు పొదుగును పోలిన రాతిరూపం ఉంది. దాన్నుంచే నది పుట్టిందని నమ్మి ‘గోస్తనీ’ అని పేరు పెట్టుకున్నారు. శివరాత్రికి చుట్టుపక్కల గిరిజన గూడేలన్నీ ఇక్కడికి తరలివస్తాయి.

✦

గుహను తొలిచింది వాన నీరే. కొండల మీద కురిసిన వాన గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. మామూలు రాయిని అది అంతగా ఏమీ చేయలేదు కానీ సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్లలోకి దిగిన నీరు లక్షల ఏళ్లు కరిగించుకుంటూ పోతే కొండ కడుపులో ఖాళీ ఏర్పడింది. గోస్తనీ ఆ ఖాళీని ఇంకా పెద్దది చేసింది.

లోపలికి వెళ్లినవాళ్లు రంగుల దీపాలు చూసి ముందుకు సాగిపోతుంటారు. ఒక్క నిమిషం ఆగి పైకప్పు నుంచి వేలాడే సున్నపు కొమ్ముల్లో ఒకదాని కొసను చూడండి. అక్కడ నీటిబొట్టు ఒకటి నిలిచి ఉంటుంది. వెంటనే రాలదు. అలా వేలాడుతున్న కాసేపట్లో దానిలోని వాయువు గుహలోని గాలిలో కలిసిపోతుంది. నీటికి సున్నాన్ని పట్టి ఉంచే శక్తి తగ్గి, కంటికి ఆననంత పలచటి పొర కొమ్ము చివర పేరుకుంటుంది. బొట్టు రాలి నేలను తాకిన చోట మరో పొర. పైనుంచి కొమ్ము కిందికి, నేల మీది దిబ్బ పైకి పెరుగుతూ ఎప్పుడో ఒకనాడు కలిసి స్తంభమవుతాయి. ఈ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. శివపార్వతులనీ, తల్లీబిడ్డలనీ, మొసలి అనీ గైడ్లు చూపించే ఆకారాలన్నీ ఇలా బొట్టు బొట్టుగా కట్టినవే. అందుకే వాటిని చేత్తో తాకొద్దంటారు. చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ కొత్త పొర సరిగా పట్టదు.

✦

బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే ఆయన కనుగొన్నాడని పర్యాటక పుస్తకాలు, వెబ్‌సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తుంటాయి. ఈ వాక్యం నిలవదు. భారత భూగర్భ సర్వే సంస్థ ఏర్పడిందే 1851లో. 1807లో లేని సంస్థ నుంచి మనిషి రావడం కుదరదు. విలియం కింగ్ అనే శాస్త్రవేత్త మాత్రం ఆ సంస్థలో నిజంగానే పనిచేశాడు. 1887 నుంచి 1894 వరకు దానికి డైరెక్టరు కూడా. ఈ కింగ్ పేరు నదికి ఆ చివర, భీమిలి దగ్గర మళ్లీ వినిపిస్తుంది.

అసలు దొర వచ్చి కనుగొనడమేమిటి? ఆవును వెతుక్కుంటూ దిగిన కాపరి కథే చెబుతోంది, ఆ గుహ అక్కడి గిరిజనులకు ముందే తెలుసునని. వాళ్లకంటే ఎంతో ముందూ మనుషులు ఇక్కడ తిరిగారు. బొర్రా పరిసరాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర పరిశోధకులకు రాతియుగపు పనిముట్లు దొరికాయి. వాటి వయసు పదుల వేల ఏళ్లు.

✦

గుహ మీదుగా రైలు వెళుతుంది! కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం బొర్రా గుహల నెత్తి మీదుగానే పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. ఈ దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి. ఇదే దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరుపొందింది. ఖనిజం కోసం వేసిన ఈ పట్టాల పుణ్యమా అని మనకు అద్దాల బోగీలో అరకు ప్రయాణం దక్కింది.

✦

నది పుట్టే ఈ కొండల పేరు దేశంలోని న్యాయ కళాశాలలన్నిటికీ తెలుసు. అదెలాగంటే, అనంతగిరి మండలంలో బొర్రా పంచాయతీ చుట్టుపక్కల 14 గిరిజన గ్రామాలున్నాయి. అక్కడ కాల్సైట్ లాంటి ఖనిజాల తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. గిరిజనేతరులు షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి పొందకూడదని 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన చెబుతుంటే ఈ లీజులు ఎలా చెల్లుతాయని ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2–1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుంది, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు అన్నది దాని సారం. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు కేటాయించాలని కూడా కోర్టు చెప్పింది. ‘సమత తీర్పు’గా పేరుపడిన దీన్ని ఆ తర్వాత దేశంలో గిరిజన భూముల మీద జరిగిన ప్రతి వాదనలోనూ ఉదహరిస్తూనే ఉన్నారు. గోస్తనీ జన్మస్థానం సున్నపు గనిగా మారకుండా మిగిలిందంటే ఆ 14 గ్రామాలవాళ్లు పట్టిన పట్టు వల్లే. బొర్రా వెళ్లిన ప్రతి విద్యార్థి బృందానికి టీచర్లు ఈ సంగతి చెప్పాలి.

✦

పూరీ జగన్నాథ ఆలయానికి, కోణార్క సూర్యదేవాలయానికి వాడిన రాయి, గోస్తనీ పరీవాహక ప్రాంతంలోని కొండల రాయి ఒకే జాతివి. దాని పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరిట 1902లో టి.ఎల్.వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. విశాఖలోని కైలాసగిరి కూడా ఇదే రాయి. ఎర్రగా, గోధుమరంగు మచ్చలతో పొరలు పొరలుగా ఉంటుంది. రోడ్డు కోసం కొండను తొలిచిన చోట తేలిగ్గా గుర్తుపట్టవచ్చు.

✦

2022 ఏప్రిల్ 4కు ముందు గోస్తనీ రెండు జిల్లాల నది. ఆ రోజున కొత్త జిల్లాలు వచ్చాయి. అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లడంతో ఈ చిన్న నదిని మూడు జిల్లాలు పంచుకున్నట్టయింది. పుట్టేది అల్లూరి జిల్లాలో, ఎక్కువగా పారేది విజయనగరంలో, సముద్రంలో కలిసేది విశాఖపట్నంలో.

✦

పశ్చిమ గోదావరి వాళ్లు ఇక్కడ ఒకమాట అడుగుతారు, ‘మా తణుకు పక్కన పారేది గోస్తనీ కాదా?’ అని. అదీ గోస్తనీయే. కానీ అది గోదావరి డెల్టాలో కాలువలా పారే వేరే నది. దీనికీ దానికీ పేరు తప్ప బంధుత్వం లేదు.

✦

కొండ దిగిన గోస్తనీని మొదట పట్టి ఆపేది తాటిపూడి. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో 1963–68 మధ్య కట్టిన జలాశయం ఇది. గంట్యాడ, ఎస్.కోట, జామి మండలాల్లో 15 వేల ఎకరాలకు పైగా తడుపుతుంది. విశాఖ నగరానికి తాగునీరు కూడా ఇస్తుంది. గోస్తనీ వానల మీద బతికే నది. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 110 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాలదే. ఆ నాలుగు నెలల నీటిని ఎక్కడో ఒకచోట నిలుపుకోకపోతే మిగతా ఎనిమిది నెలలు ఇసుక చూసుకుంటూ కూర్చోవాల్సిందే. మూడు వైపులా కొండలు, మధ్యలో నీరు ఉండటంతో సెలవు రోజుల్లో విజయనగరం, విశాఖ జనం ఇక్కడికి వనభోజనాలకు వస్తుంటారు. కార్తీకమాసంలో అయితే చెప్పనక్కర్లేదు.

✦

ఈ నది ఒడ్డున పాండవులు ఎన్నిచోట్ల తిరిగారో చూడండి. తాటిపూడికి దిగువన జామి ఉంది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు దాచిన జమ్మిచెట్టు తమ ఊరిదేనని అక్కడివాళ్ల నమ్మకం. ఇంకా కిందికి వస్తే పద్మనాభం. కొండ దిగువన కుంతీమాధవస్వామి గుడి ఉంది. నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం, అంటే భీమిలి. ఊరికి భీముడి పేరు, ఊళ్లో బకాసురుణ్ణి చంపిన కథ. ఒకే నది ఒడ్డున తల్లికీ, కొడుకుకీ, ఆయుధాలకీ చోటిచ్చారు ఇక్కడి జనం.

✦

బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాడు ఉండడు. బుర్రకథలయ్యాయి, సినిమాలొచ్చాయి. ఆ యుద్ధం జరిగిన 1757కు 37 ఏళ్ల తర్వాత గోస్తనీ పక్కన జరిగిన పద్మనాభ యుద్ధం గురించి విన్నవాళ్లు ఎంతమంది? నా లెక్కలో తెలుగువాళ్లు ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన తొలినాళ్ల ఘట్టాల్లో దీనికి పెద్దపీట వేయాలి.

విజయనగరం సంస్థానాధీశుడు చిన విజయరామరాజు. ఆయన చెల్లించాల్సిన పేష్కషు, అంటే కప్పం, బకాయి ఎనిమిదిన్నర లక్షల రూపాయలని కంపెనీ లెక్క తేల్చింది. రాజు కుదరదన్నాడు. కంపెనీ కోటను స్వాధీనం చేసుకుని, నెలకు 1,200 రూపాయల భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించింది. రాజు మచిలీపట్నం దారి పట్టలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్య ఉన్న పద్మనాభంలో తన మనుషులతో విడిది చేశాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సైన్యం విరుచుకుపడింది. ముప్పావుగంటలో అంతా ముగిసింది. రాజు, ఆయన్ను వదలకుండా నిలబడిన సుమారు 300 మంది అక్కడే నేలకొరిగారు.

రాజు కొడుకు నారాయణబాబును బంధువులు కొండ ప్రాంతాల్లోకి తప్పించారు. మన్నెం జమీందార్లు అతని పక్షాన నిలిచారు. చివరికి కంపెనీ రాజీకి దిగి, సంస్థానాన్ని చాలావరకు కోసేసి మిగిలింది అతనికి ఇచ్చింది. బొబ్బిలికి దక్కిన పాటలో పదో వంతు కూడా పద్మనాభానికి దక్కలేదు. ఆ లోటు ఎవరైనా కథకులు తీర్చాలి.

✦

అదే పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి కొలువై ఉన్నాడు. కిందినుంచి పైకి 1,200కు పైగా మెట్లు. కార్తీక అమావాస్య నాటి సాయంత్రం ఆ మెట్లన్నిటి మీదా భక్తులు దీపాలు వెలిగిస్తారు. చీకటి పడ్డాక కిందినుంచి చూడాల్సిన దృశ్యం అది. ఆ వేళకు విశాఖ చుట్టుపక్కల ఉండే అవకాశముంటే వదులుకోకండి.

✦

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విశేషం. గోంగూర పచ్చడికీ, ప్రపంచ నార వ్యాపారానికీ, ఈ నదికీ సంబంధం ఉంది.

మనం గోంగూర కోసుకునే గోగు మొక్కల్లో ఒక జాతిని శాస్త్రవేత్తలు హైబిస్కస్ కన్నాబినస్ అంటారు. మందార, బెండ, పత్తి దాని చుట్టాలే. ప్రపంచంలో ఎక్కువమంది దాన్ని కెనాఫ్ అని పిలుస్తారు. పాత వ్యాపార పుస్తకాలు, వృక్షశాస్త్ర గ్రంథాలు తిరగేస్తే దానికి ఇంకో పేరు కనిపిస్తుంది: ‘బిమ్లిపటం జూట్’. క్లుప్తంగా ‘బిమ్లి’. అంటే మన భీమునిపట్నం నార! ఉత్తరాంధ్ర పొలాల్లో పండిన గోగునార ఈ రేవు నుంచి ఓడలెక్కి వెళ్లేది. సరుకుకు రేవు పేరే స్థిరపడిపోయింది. నిజానికి అది అసలు జూట్ కాదు. బెంగాల్ జూట్ వేరే మొక్క. అయినా లండన్ వర్తకుల ధరల పట్టికల్లో బెంగాల్ జూట్ పక్కన భీమిలి పేరు నిలిచింది.

నార తీసే పని చూడాలంటే విజయనగరం, శ్రీకాకుళం పల్లెలకే వెళ్లాలి. పూత దశకు వచ్చిన గోగును మొదలంటా కోసి కట్టలు కడతారు. ఆకు రాలే దాకా ఉంచి, ఆ కట్టలను చెరువులోనో గెడ్డలోనో ముంచి, తేలిపోకుండా పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలు ఊరాక నీటిలోని సూక్ష్మజీవులు నారను పుల్లకు అంటిపెట్టుకున్న జిగురును తినేస్తాయి. అప్పుడు నడుము లోతు నీటిలో నిలబడి, కట్ట మొదలును చిన్న కర్రతో కొట్టి, నార అందుకుని లాగితే మొత్తం ఒక్కసారే ఊడి వస్తుంది. తెల్లటి పుల్ల చేతిలో మిగులుతుంది. ఊరిన వాసన ఊరంతా వస్తుంది. నారను నీటిలో జాడించి, దండెం మీద ఆరేస్తే ఎండకు బంగారు రంగు తేలుతుంది. మిగిలిన పుల్లలు పొయ్యిలోకి, దడులకు పనికొస్తాయి. గోగు జాతుల మీద పరిశోధన చేసే వ్యవసాయ పరిశోధన స్థానం ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో ఉంది.

ఈ నార కోసమే గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో బ్రిటిష్ కాలంలో మిల్లు వెలిసింది. తరాల తరబడి వేలాది కుటుంబాలకు తిండి పెట్టిన ఆ మిల్లు ఈ శతాబ్దం తొలి దశకం చివర మూతపడింది. ప్లాస్టిక్ సంచులు వద్దని ప్రపంచమంతా అంటున్న రోజుల్లోనే, సంచులకు పేరుమోసిన ఊరు తన మగ్గాలు ఆపేసుకోవడం బాధ కలిగించే సంగతి.

✦

భీమిలికి డచ్చివారు వచ్చింది 17వ శతాబ్దంలో. మచిలీపట్నం, పులికాట్, జగన్నాథపురం, పాలకొల్లు, నాగపట్నంతో పాటు కోరమండల్ తీరంలో వాళ్ల స్థావరాల్లో భీమిలి ఒకటి. బట్టలు కొన్నారు, బియ్యం ఎగుమతి చేశారు, ఇక్కడే ప్రాణాలు విడిచారు. వాళ్ల సమాధులు నేటికీ ఊళ్లో ఉన్నాయి. 1824లో ఇంగ్లండు, హాలండు దేశాల మధ్య లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది భీమిలి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. ఊళ్లో ఎవరినీ అడగకుండానే ఊరు చేతులు మారింది.

✦

భీమిలిలో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. సముద్రంలో దూరంగా లంగరేసేవి. మనుషులూ సరుకులూ మసూలా పడవల్లో చేరాల్సిందే. ఈ పడవకు మేకు ఉండదు. చెక్కలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ కెరటం దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ మాత్రం ఒంగి తట్టుకుంటుంది.

✦

దేశంలోని తొలి పురపాలక సంఘాల్లో భీమిలి ఒకటి. 1861లోనే ఇక్కడ పురపాలన మొదలైంది. ఇప్పుడు ఆ ఊరు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం. భీమిలిని వెనక్కి నెట్టిన కారణాలు రెండు. మద్రాసు–కలకత్తా రైలుమార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖలో ఓడలు లోపలికి వచ్చి ఆగే ఆధునిక రేవు తెరుచుకుంది. దూరాన లంగరేసే రేవుతో ఇక ఎవరికి పని?

✦

భీమిలి పక్కనే పావురాళ్లకొండ ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 2వ శతాబ్దం దాకా బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు. కొండ మీద బండను తొలిచి 16 నీటి తొట్లు చేశారు. కింద నది ఉంది, ఎదురుగా సముద్రం ఉంది, మరి తొట్లెందుకు? సముద్రంలో కలిసే చోట నదిలోకి ఉప్పునీరు ఎక్కుతుంది. తాగడానికి పనికొచ్చేది ఆకాశం ఇచ్చిన నీరే. రెండువేల ఏళ్ల కిందటే వాన నీటిని దాచుకున్న వాళ్లు మనకు పూర్వీకులు.

✦

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డులో వెళుతుంటే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తున నిలిచిన ఎర్ర ఇసుక అది. వాన నీరు కోసిన లోయలు, గట్లతో చూడటానికి వేరే లోకంలా ఉంటుంది. దీని గురించి 1886లో రాసిన శాస్త్రవేత్త, ముందు చెప్పుకున్న విలియం కింగే. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులోని తేరి నేలల్లో, శ్రీలంకలో మాత్రమే ఉంది. మన భూగర్భ సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

దిబ్బలు చెప్పే కథ సముద్రానిది. గత మంచుయుగం పతాకస్థాయిలో ఉన్నప్పుడు, అంటే సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్రాల నీటిలో కొంత భాగం నేల మీద మంచుగా గడ్డకట్టింది. సముద్రమట్టం నేటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. తీరం చాలా దూరం వెనక్కి జరిగి, బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తోసింది. ఆ తర్వాత ఇసుక రేణువుల చుట్టూ ఇనుప తుప్పు పూతలా పట్టి ఎరుపెక్కింది. సముద్రం అంత దూరాన ఉందంటే ఆనాటి గోస్తనీ నేటికంటే పొడవైన నది అన్నమాట. దాని చివరి భాగం ఇప్పుడు నీటి అడుగున ఉంది.

✦

భీమిలి తీరంలో గుప్పెడు ఇసుక తీసి ఎండలో అరచేతిలో పరచి చూడండి. తెల్లటివి క్వార్ట్జ్ రేణువులు. నల్లగా మెరిసేది ఇల్మెనైట్. గులాబీ రంగు రేణువులు గార్నెట్లు. ఖోండలైట్ రాయిలో ఉండే గార్నెట్లే అవి. కొండల మీద రాయి శిథిలమైతే గోస్తనీలాంటి నదులు మోసుకొచ్చి ఇక్కడ పోశాయి.

✦

నది సముద్రంలో కలిసే చోటును మత్స్యకారులు మొగ అంటారు. గోస్తనీ మొగ ఏడాది పొడవునా తెరుచుకుని ఉండదు. నదిలో ప్రవాహం తగ్గినప్పుడు కెరటాలు తెచ్చిన ఇసుక అడ్డంగా మేటవేస్తుంది. వరద వచ్చినప్పుడు నది దాన్ని కోసుకుని దారి చేసుకుంటుంది. లోపల ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట రొయ్యలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. అడుగు బురదలో ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులుంటాయి. కంటికి సరిగా ఆనవు. వాటిపై ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చాలాకాలంగా పనిచేస్తున్నారు. వీటిలో చాలా జాతులు సున్నంతో గవ్వ కట్టుకుంటాయి. ఎగువన బొర్రాలో నీరు కరిగించింది ఆ సున్నాన్నే.

✦

విశాఖ నగరం గోస్తనీ నీటిని రెండు చోట్ల తీసుకుంటుంది. ఒకటి తాటిపూడి జలాశయం. రెండోది నది ఇసుకలో తవ్విన ఊటబావులు. ఇసుక మేట ఈ నదికి ఇంట్లోని నీళ్లబానలాంటిది. వానాకాలంలో పీల్చుకున్న నీటిని ఎండ తగలకుండా లోపల దాచి, వడగట్టి, వేసవిలో బావుల్లోకి వదులుతుంది. పైన నది ఎండినట్టు కనిపించినా అడుగున నీరు కదులుతూనే ఉంటుంది. ఒడ్డున ఉన్న పల్లెల బోర్లు, బావులు కూడా ఈ ఊట మీదే ఆధారపడ్డాయి. ఇసుకను లారీలకెత్తితే ఇల్లు లేస్తుంది కానీ ఊట పడిపోతుంది. పోయిన మేట మళ్లీ పేరుకోవాలంటే కొండల నుంచి కొత్త ఇసుక దిగాలి. తాటిపూడి ఆనకట్ట కట్టాక పైనుంచి దిగే ఇసుకా తగ్గింది.

కాబట్టి జామి నుంచి తగరపువలస దాకా ఈ నది ఒడ్డున ఉన్న ఊళ్లవారికి ఒక మనవి. మీ ఊరి గట్టు దగ్గర రాత్రిపూట ఇసుక తరలిపోతుంటే గ్రామసభలో అడగండి, ఫిర్యాదు రాసి ఇవ్వండి. మిగతా పాఠకులు అరకు వెళ్లినప్పుడు బొర్రా చూసి నేరుగా ఇంటికి తిరిగిపోకండి. తాటిపూడి, పద్మనాభం మీదుగా భీమిలి దాకా నదితో పాటే దిగండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి.